నిచ్చెనక్క ఎత్తి చూపించిన చెయ్యి

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆ లాండ్రీలో ఆవిడ అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. అందరికీ ఆవిడ నిచ్చెనక్క. ఏ గుమ్మం దాటినా అలవాటుగా తల వంచేది. పై అరలోని మూట కావాలంటే తక్కినవాళ్లు స్టూలు వెతుక్కునేవారు. ఆవిడ మునివేళ్ల మీద లేచి, చెయ్యి చాచి, చెట్టు నుంచి పండు కోసినంత తేలిగ్గా దించేది. "స్టూలెందుకమ్మా, మన నిచ్చెన ఉండగా" అనేవారు ఎవరో ఒకరు. ఆ మాటకి ఆవిడ మొహం వెలిగిపోయేది. చిన్నప్పుడు బడిలో ఆ ఎత్తు వల్లే వెనక బెంచీలో ఒంటరిగా కూర్చుని ఏడ్చిన మనిషి. అదే ఎత్తు పదిమందికి పనికొచ్చే చోటు ఒకటి దేవుడు చూపించాడని ఎంతో సంబరపడేది.

మడత బల్ల దగ్గర ఆవిడ జోడీ గువ్వ. చిన్న మనిషి, గుండ్రటి కళ్లు, నోరు మాత్రం ఊరుకోదు. పెద్ద దుప్పట్లు ఒక్కరి వల్ల మడత పడవు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చెరో రెండు కొసలు పట్టుకుని, చేతులు తలపైకెత్తి ఒక్కసారిగా కిందికి దులపాలి. ఆ దెబ్బకి ముడతలు పోతాయి. తర్వాత ఒకరు నడిచి వచ్చి తమ కొసలు రెండోవారికి అందించి, కిందికి జారిన మడతని వంగి అందుకోవాలి. అంచు నేలకి తగిలిందా, మళ్లీ ఉతుకులోకే. రోగుల ఒంటి మీదికి వెళ్లే బట్ట కదా! గువ్వ ఎత్తు చాలదని మిషన్ నడిపే బాబాయి ఒక చెక్క పీట చేసి పెట్టాడు. గువ్వ పీట మీద నిలబడేది. నడవడం, వంగడం నిచ్చెనక్క వంతు.

"నీకేమే, మహారాణివి. సింహాసనం దిగవు" అనేది నిచ్చెనక్క.

"మరి దుప్పటి పట్టుకుని నా దర్బారుకి రోజూ వచ్చేది ఎవరు? నేను పిలిచానా?" అనేది గువ్వ.

ఆ గదిలోనే కిటికీ పక్కన ఒక కుట్టు బల్ల ఉంది. చిరిగిన అంచులు కుట్టడం, రోగుల గౌన్లకి నాడాలు వెయ్యడం అక్కడి పని. దెబ్బ తగిలి సెలవు మీద వెళ్లి తిరిగి వచ్చినవాళ్లని పూర్తిగా కోలుకునేదాకా ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టడం ఆ లాండ్రీ పద్ధతి. మంచి పద్ధతే. ఎవరు ఏ కాలంలో పెట్టారో గానీ, దయగల మనిషే అయి ఉంటారు. కానీ దానికి 'ముసలి బల్ల' అని పేరు పెట్టింది మన నిచ్చెనక్కే.

ఇస్త్రీ దగ్గర పనిచేసే పిన్ని చెయ్యి కాల్చుకుని, కట్టుతో ఆ బల్ల దగ్గర కూర్చున్న మొదటి రోజు, "ఏం పిన్నీ, ముసలి బల్ల ఎక్కేశావా? మనవలకి స్వెట్టరు అల్లిపెడతావా ఏంటి?" అంది. గదంతా గొల్లుమంది. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే కట్టు కట్టిన చేతిని ఏప్రన్ కిందికి జరుపుకుంది. అది ఎవరి కంటనైనా పడిందేమో, నిచ్చెనక్క కంట మాత్రం పడలేదు. ఆ రోజు నుంచి బల్లకి ఆ పేరే స్థిరపడిపోయింది.

ఒక ఉదయం ఎవరో పొరపాటున తడి దుప్పట్ల మూటని పై అరలో పెట్టారు. నిచ్చెనక్క ఎప్పటిలాగే మునివేళ్ల మీద లేచి, కుడిచేత్తో లాగింది. పొడి మూట అనుకున్న చేతి మీదికి తడి బరువంతా ఒక్కసారిగా దిగింది. భుజంలో గుడ్డ చింపినట్టు ఏదో అయింది. స్టూలు అక్కడే, చేతికందే దూరంలోనే ఉంది.

"భుజంలో కండరం చిరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు గానీ ఓపిక కావాలి" అన్నాడు డాక్టరు. వ్యాయామం నేర్పే అమ్మాయి గోడ దగ్గర నిలబెట్టి, కుడిచేతి వేళ్లని సాలీడు కాళ్లలా పైకి పాకించమంది. "నొప్పి వచ్చేచోట ఆగండి. తొందరపడి పైకి లాగితే మొదటికి వస్తుంది. భుజం దాటి ఎత్తే పని ఇప్పుడప్పుడే వద్దు" అని ఆ పిల్ల ఎంతో నెమ్మదిగా, తన తల్లికి చెప్పినట్టు చెప్పింది.

ఇంట్లో వంటగది తలుపు చట్రం మీద కూతురి ఎత్తు గీతలున్నాయి, పసిపిల్లగా ఉన్నప్పటి నుంచి తండ్రి పెన్సిలుతో గీసినవి. నిచ్చెనక్క అక్కడే వేళ్లు పాకించేది. మొదట్లో బడిలో చేరిన ఏటి గీత దగ్గరే ఆగిపోయేది. "ఈ వయసు దాటనివ్వట్లేదే నన్ను" అని నవ్వబోయి పళ్లు బిగపట్టేది. జడ వేసుకోలేకపోతే కూతురే వేసేది.

"అమ్మా, కూర్చో. నిలబడితే నీ తలకి నేను స్టూలెక్కాలి."

"ఎక్కు. ఎవరొద్దన్నారు?"

"స్టూలెక్కడం చిన్నతనం అని నువ్వే కదా అంటావు!"

స్కూలు బస్సు నడిపే భర్త పొద్దున్నే నీళ్లు తోడిపెట్టి, చొక్కా చేతిని ఆవిడ చేతికి మెల్లగా ఎక్కించి, ఏమీ జరగనట్టు బస్సు తాళాలు వెతుక్కుంటూ వెళ్లిపోయేవాడు. ఇంటినిండా ఇంత ప్రేమ ఉన్నా, ఆవిడకి గుర్తొచ్చేది మాత్రం కిటికీ పక్కనున్న ఆ బల్లే. రేపు వెళితే తనని అక్కడే కూర్చోబెడతారు. తను పెట్టిన పేరు తనకే తగులుతుంది. ఎవరో ఒకరు 'మనవలకి స్వెట్టరా?' అనకుండా ఉంటారా?

సెలవు అయిపోయిన రోజు సూపర్‌వైజరమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. కరుకు మనిషి కాదు. పనివాళ్ల పిల్లల చదువులు కూడా అడిగి తెలుసుకునే రకం.

"రావమ్మా, రా. చెయ్యి పూర్తిగా నయమైందా?"

"అయింది మేడమ్."

"పైకి లేస్తోందా? ఏదీ, చూపించు."

నిచ్చెనక్క చెయ్యి ఎత్తింది. నిటారుగా, పైకప్పుకి గురిపెట్టినట్టు. ఎడమ చెయ్యి.

సూపర్‌వైజరమ్మ సంతోషంగా తలాడించింది. దెబ్బ ఏ చేతికో ఆవిడకి గుర్తు లేదు. ఈ మనిషి మాయ చేస్తుందన్న ఆలోచనే రాలేదు. "ఎందుకైనా మంచిది, కొన్నాళ్లు కుట్టు బల్ల దగ్గర కూర్చోరాదూ?" అంది.

"నేనా? ముసలి బల్ల దగ్గరా? బాగుంది మేడమ్!" అని నిచ్చెనక్క గట్టిగా నవ్వింది. మడత బల్ల దగ్గర దిండు గలీబులు సర్దుతున్న గువ్వ తలెత్తి చూసింది. మళ్లీ వంచుకుంది.

ఆ రోజు నుంచి ఆవిడ పని ఒక దొంగాట అయింది. దులపడానికి ఎడమ చెయ్యి పైకి లేచేది. కుడిది భుజం దగ్గరే ఆగిపోయేది. అయినా విచిత్రంగా దుప్పటి నేలకి తగిలేది కాదు. దులుపు కూడా బాగానే పడేది. ఒకటి రెండు రోజులకే, 'పర్వాలేదే, గడిచిపోతోంది' అనుకుంది. పొద్దున ప్రార్థనలో కళ్లు మూసుకుని, "ఎవరికీ తెలియకుండా నయం చెయ్యి తండ్రీ" అని వేడుకునేది. నయం చెయ్యమని ఊరికే అడిగినా సరిపోయేది.

గువ్వలో ఏదో మార్పు వచ్చినట్టు అనిపించింది. కొసలు అందించడానికి నిచ్చెనక్క అడుగు వేసేలోపే పీట మీద నుంచి టక్కున దూకి తనే వచ్చేసేది.

"నిలబడు, నిలబడు. నాకు కాళ్లు పట్టేస్తున్నాయి. కాస్త నడిస్తే మంచిదని డాక్టరు చెప్పాడు."

"నీకు డాక్టరెప్పుడు చెప్పాడే?"

"కల్లో చెప్పాడు. ఫీజు కూడా తీసుకోలేదు."

వంగి మడత అందుకోవడం కూడా గువ్వే. మళ్లీ పరుగున వెళ్లి పీట ఎక్కడం గువ్వే. ఇంకొన్ని రోజులకి పీట మీద రెండో పీట వచ్చింది. దాని మీద నిలబడి, చేతులు ఎంత ఎత్తగలదో అంత ఎత్తి, ఒళ్లంతా విదిలించి దులిపేది. ఇద్దరి దులుపూ తనే దులిపేది. అది చూసి నిచ్చెనక్క ఏమందో తెలుసా?

"ఏమే, ఈ వయసులో ఎదగాలని సరదా పుట్టిందా? నా ఎత్తు మీద కన్నేశావా ఏంటి?"

చుట్టుపక్కల వాళ్లు నవ్వలేదు. నిచ్చెనక్క ఒక్కతే నవ్వింది. గువ్వ మొహం మీది చెమట తుడుచుకుని, "అవునక్కా, కుళ్లు" అంది.

మూటలు కూడా చిన్నవి వస్తున్నట్టు ఆవిడకి తోచింది. ఆసుపత్రిలో రోగులు తగ్గారు కాబోలు, మంచిదే అనుకుంది. పై అరలో సరుకు ఉండటం మానేసింది. ఎవరో శుభ్రంగా సర్దుతున్నారు అనుకుంది. తన భుజం తప్ప ఇంకేదీ చూడలేని స్థితికి వచ్చేసింది పాపం. నొప్పి దాచుకునే మనిషికి కళ్లు లోపలికి తిరిగిపోతాయి.

ఆపరేషన్ గదుల్లో వాడే పొడవాటి ఆకుపచ్చ బట్టలు వచ్చిన రోజు అది. మామూలు దుప్పటి కంటే బరువు, వెడల్పు. గువ్వ రెండు పీటల మీద నిలబడి చేతులెత్తింది. నిచ్చెనక్క కుడి కొస ఎప్పటిలాగే కిందికి వేలాడింది. బట్ట మధ్యలో జారి నేలకి తగలబోయింది. గువ్వ వెనక్కి వాలి ఒక్క ఊపున పైకి లాగింది. పై పీట కింది పీట మీద జారింది.

పీట నేలకి తగిలిన చప్పుడు, వెంటనే గువ్వ "అమ్మా!" అన్న కేక. అంతే. చీలమండ అప్పుడే వాచిపోయింది. అందరూ మూగారు. ఇస్త్రీ పిన్ని గువ్వ తల ఒళ్లో పెట్టుకుంది. మిషన్ బాబాయి తడి తువ్వాలు తెచ్చాడు. సూపర్‌వైజరమ్మ పరుగున వచ్చింది.

"పీట మీద పీట ఎవరు పెట్టారు?"

"నేనే మేడమ్. పొట్టిదాన్ని కదా, ఎదగాలని సరదా పుట్టింది" అంది గువ్వ, నొప్పితో కళ్లు మూసుకునే.

తన మాటే నిచ్చెనక్కకి అలా తిరిగి వినిపించింది. చేతుల్లో ఇంకా రెండు కొసలు అలాగే ఉన్నాయి, ఎడమది పైన, కుడిది కింద. ఆ క్షణంలోనైనా నోరు తెరవాలి. తెరవలేదు.

"ఇంత అజాగ్రత్త అయితే ఎలా? కాలు విరిగి ఉంటే ఏం చేసేదానివి? పైవాళ్లకి నేనేం చెప్పను, నీ నిర్లక్ష్యం అని చెప్పాలా?" అని సూపర్‌వైజరమ్మ కంగారులో గువ్వనే కోప్పడింది. కుర్చీలో కూర్చోబెట్టి, అలాగే ఎత్తుకుని నలుగురు గువ్వని బయటికి తీసుకెళ్లారు. నిచ్చెనక్క కొసలు పట్టుకునే నిలబడి ఉంది.

మిషన్ బాబాయి ఒక్కడే మిగిలాడు. రెండు పీటలూ ఏరి గోడకి ఆనించాడు. వయసులో పెద్దవాడు, మాట తక్కువ మనిషి.

"ఈ రెండోది నేనే చేశానమ్మా. చెయ్యకుండా ఉండాల్సింది. 'అక్క చెయ్యి లేవట్లేదు బాబాయ్, నేను ఇంకాస్త పైకి లేస్తే సరిపోతుంది. ఎవరితోనూ అనకు' అంది."

"దానికి మొదట్నుంచీ తెలుసా?"

"నువ్వు మేడమ్‌కి చెయ్యి ఎత్తి చూపించిన రోజే. గువ్వ అక్కడే మడత బల్ల దగ్గర ఉంది కదా."

"మరి మీకు?"

"మూటలు ఎవరు చిన్నవి కడుతున్నారనుకున్నావు?"

ఆయన మాటలో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే బాగుండేదని ఆవిడకి అనిపించింది. తిడితే తిరిగి ఏదో ఒకటి అనవచ్చు. ఇంతమంది ఇన్నాళ్లుగా తన చుట్టూ చప్పుడు చెయ్యకుండా మెలిగారు, నిద్రపోతున్న పసిపిల్ల పక్కన నడిచినట్టు. ఆ సంగతి తెలియక తను మధ్యలో నిలబడి జోకులు వేసింది. ఆవిడకి చెవుల చివరల దాకా మంట పుట్టింది. చేతిలోని బట్ట నేలకి తగిలి ఉందని అప్పుడు చూసుకుంది. దాన్ని తీసుకెళ్లి తనే ఉతుకులో వేసింది.

నిచ్చెనక్క వెళ్లి సూపర్‌వైజరమ్మ గది తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. లోపల ఆవిడ పైవాళ్లతో ఫోన్లో మాట్లాడబోతోంది. నిచ్చెనక్క లోపలికి వెళ్లిపోయింది, తల వంచడం కూడా మర్చిపోయి. నుదురు గుమ్మానికి కొట్టుకుంది.

"అయ్యో, చూసుకోమ్మా!"

"అజాగ్రత్త దానిది కాదు మేడమ్. నాది. ఆ రోజు మీకు చూపించింది ఈ చెయ్యి." ఎడమ చెయ్యి ఎత్తింది. "దెబ్బ తగిలింది దీనికి." కుడి చెయ్యి ఎత్తబోయింది. అది భుజం దగ్గరే ఆగిపోయింది. "ఇది లేవదు. నా కోసం అది పీటలెక్కింది. నేను చూసి నవ్వాను."

సూపర్‌వైజరమ్మ ఫోను పక్కన పెట్టింది. కేకలు వేస్తుందని నిచ్చెనక్క సిద్ధపడింది. ఆవిడ కేకలు వెయ్యలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"ఎందుకమ్మా ఇలా చేశావు? మేం పొమ్మన్నామా? బల్ల ఉంది కదా, కూర్చోవచ్చు కదా."

"ఆ బల్లకి ఆ పేరు పెట్టింది నేనే మేడమ్."

సూపర్‌వైజరమ్మ, "రెండో చెయ్యి కూడా చూపించమని నేను అడగాల్సింది. ఆ రెండో పీట రోజూ కళ్లెదుటే ఉన్నా గమనించలేదు. ఇందులో నా తప్పూ ఉంది" అంది. ఫోనులో పైవాళ్లకి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. గువ్వ నిర్లక్ష్యం అన్న మాట ఎత్తలేదు.

ఆ సాయంత్రం నిచ్చెనక్క గువ్వ ఇంటికి వెళ్లింది. ఎముక విరగలేదు, దేవుడి దయ. కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని గువ్వ మంచం మీద కూర్చుని ఉంది. వాళ్లమ్మ కుర్చీ జరిపి, మంచినీళ్లిచ్చి, ఇద్దరినీ వదిలి వెళ్లింది.

"నుదుటి మీద ఆ బొప్పేంటక్కా?"

"గుమ్మం కొట్టుకుంది."

"అంత ఎత్తు పెరగమని ఎవరన్నారు నిన్ను!"

నిచ్చెనక్కకి నవ్వు రాలేదు. "మేడమ్‌కి చెప్పేశాను" అంది. గువ్వ కాసేపు దుప్పటి అంచు వేళ్లతో మడుస్తూ కూర్చుంది. అలవాటైన చేతులు కదా.

"నువ్వే చెప్తావని చూశానక్కా. ఇవాళ చెప్తావు, రేపు చెప్తావు అని. రెండో పీట పెడితే అడుగుతావు, అప్పుడు కడిగేద్దాం అనుకున్నాను. నువ్వు నవ్వావు. ఆ రోజు మాత్రం ఇంటికొచ్చి ఏడ్చాను."

"ఎందుకు చెప్పలేదే మేడమ్‌కి?"

"చెప్తే ముసలి బల్ల ఎక్కిస్తారు. నీకది చావుతో సమానం. నాకు తెలీదా నీ సంగతి?" అని, కోపం పట్టలేక, "నా తప్పూ ఉందిలే. నీ పరువు నేను మోశాను. నా కాలు మొయ్యలేకపోయింది" అంది.

క్షమించమని అడగాలని దారంతా మాటలు పోగుచేసుకుని వచ్చింది నిచ్చెనక్క. గువ్వ కాలి కింద దిండు జారితే ఎడమ చేత్తో సరిచేసింది. అంతే చెయ్యగలిగింది. గువ్వ వద్దనలేదు.

మర్నాడు నిచ్చెనక్క ఎవరూ చెప్పకముందే వెళ్లి కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంది. ఎవరైనా ఒక్క జోకు వేస్తే బాగుండునని ఎదురుచూసింది. ఎవరూ వెయ్యలేదు. 'ముసలి బల్ల' అన్న మాటే ఆ గదిలో వినబడలేదు. టీ వేళకి ఇస్త్రీ పిన్ని వచ్చింది. చేతి మీద కాలిన మచ్చ ఇంకా నిగనిగలాడుతోంది. చిన్న దిండు ఒకటి తెచ్చి నిచ్చెనక్క కుడి మోచేతి కింద పెట్టింది.

"నాకు ఇది బాగా పనికొచ్చింది. నువ్వూ పెట్టుకో."

"పిన్నీ, ఆ రోజు నేను అన్నమాట..."

"గుర్తుందిలే."

'ఏ మాట?' అని పిన్ని తప్పించుకుంటుందేమో అనుకుంది. తప్పించుకోలేదు. "ఇంటికెళ్లి కొంచెం బాధపడ్డాను. ఇప్పుడు లేదు. సూదిలో దారం ఎక్కించి ఇవ్వనా? మొదట్లో ఒంటిచేత్తో ఎక్కదు." అని, జవాబు కోసం చూడకుండా సూదులన్నింటికీ దారాలు ఎక్కించి వరసగా గుచ్చి పెట్టి వెళ్లిపోయింది. నిచ్చెనక్క ఆ సూదుల వంక చూస్తూ టీ చల్లారబెట్టుకుంది.

కొన్నాళ్లకి గువ్వ కుంటుతూ వచ్చింది. ఆ బల్ల దగ్గరే రెండో కుర్చీ వేశారు. "జరుగు, ఎంత స్థలం ఆక్రమించావో చూడు" అంటూ కూర్చుంది. ఇద్దరి మధ్యా మునుపటి మాటలు వెంటనే రాలేదు. ఒకరు గౌను పట్టుకుంటే ఇంకొకరు నాడా కుట్టారు. నిచ్చెనక్క దారం తెంపమని ఇచ్చేది, గువ్వ పళ్లతో తెంపేది. అలా మాటలు మెల్లమెల్లగా వచ్చాయి. ఈలోపు సూపర్‌వైజరమ్మ కొత్త అలవాటు ఒకటి మొదలుపెట్టింది. పొద్దున్నే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, "ఎక్కడైనా నొప్పా? నిజం చెప్పండి" అని అడిగేది. మొదట్లో అందరూ లేదు, లేదు అనేవారు. ఒకరోజు మిషన్ బాబాయి, "నడుము మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ మొదలుపెట్టారు.

అలాంటి ఒక పొద్దున సూపర్‌వైజరమ్మ కుట్టు బల్ల దగ్గర ఆగింది.

"చెయ్యి ఎలా ఉందమ్మా? చూపించు."

గదిలో మిషన్లు ఇంకా వెయ్యలేదు. అందరూ అక్కడే ఉన్నారు. నిచ్చెనక్క ఎడమ చెయ్యి ఒళ్లోనే ఉంచి, కుడి చెయ్యి ఎత్తింది. ఇంట్లో తలుపు చట్రం మీద కూతురి గీతలు చాలానే దాటింది ఈ మధ్య. కానీ ఇక్కడ, ఇంతమంది కళ్ల ముందు, అది చెవి దగ్గరికి వచ్చి ఆగింది. ఇంకొంచెం లాగితే వెళుతుందేమో. పళ్లు బిగపట్టి ఒక్క క్షణం చూపిస్తే చాలు. ఆవిడ లాగలేదు. మొహం ఎర్రగా కందిపోయింది. చేతిని అలాగే, అందరికీ కనబడేలా, ఎంతవరకు లేచిందో అంతవరకే ఉంచింది.

"ఇంతే మేడమ్. ఇంకా పైకి పోవట్లేదు."

"సరే. ఇంకొన్నాళ్లు కూర్చో" అంది సూపర్‌వైజరమ్మ.

"అలాగే మేడమ్."

చెయ్యి దించుతుంటే దిండు పక్కకి జారిపోయి ఉంది. గువ్వ దాన్ని మోచేతి కిందికి జరిపి పెట్టింది.